కాగితం పూల గేటు

ఇల్లు ఖాళీ చెయ్యమని కేశవులు శెట్టి చెప్పేటప్పటికి రేఖ నోట్లో గుండుసూదులు ఉండాయి. బ్యాంకు మేడమ్ జాకెట్టుకు చేతుల కాడ మడత పెట్టి, ఒక్కో సూదీ తీసి గుచ్చుతాండాది. అందుకని వెంటనే బదులు చెప్పలేకపోయింది. సూదులన్నీ డబ్బాలో ఏసి, మూత పెట్టి, అప్పుడు తలెత్తింది.

"నేనేం తప్పు చేస్తి మామా?"

"తప్పని కాదు." శెట్టి గడప బయటే నిలబడినాడు. చేతిలో కాగితం పూల తీగ ఆకు ఒకటి ఉండాది. "ఇది చూడు. తమలపాకంత ఉండాది. ఆకుకేం తక్కువ లే. పువ్వేది? రెండేండ్లాయె, గేటు కమాను మీద ఒక్క పువ్వు లే. నీ గంజినీళ్లు, సబ్బునీళ్లు పారి పారి చెట్టుకు పూత పోయె."

"నిఖితకు పదో తరగతి పరీక్షలు మామా."

"తెలుసులేమ్మే. నేనేమన్నా రాక్షసుణ్ణా? పరీక్షలు కానీ. అయినంక యాడన్నా చూసుకో. అందాకా నీ జాలాట్లోనించి ఒక్క చుక్క పారకూడదు. స్నానం నీళ్లు గానీ, గంజి గానీ, బకెట్లో పట్టి వీధి కాలవలో పొయ్యి."

చెప్పి, ఆ ఆకును గడప మీద పెట్టి పోయినాడు. సాక్ష్యం అప్పజెప్పినట్టుండాది ఆ పెట్టడం. రేఖ దాన్ని తీసి చెత్తలో పారేసింది. తిరిగి మిషన్ మీద కూర్చుంది గానీ కాలు ఆడలేదు.

యాడికి ఊళ్లో ఆ వీధికి ఏదో పేరుండాది, ఎవరూ పలకరు. కాగితం పూల గేటు వీధి అంటేనే ఆటోవోళ్లకు తెలుస్తాది. రేఖ ఇంటికి బోర్డు లేదు. "కాగితం పూల గేటులో వెనకపక్క రేఖ అని ఉండాది, జాకెట్లు బాగా కుడ్తాది, నూలు చీరలకు గంజి పెట్టి ఇస్తాది" అని ఆడోళ్లు ఒకరికొకరు చెప్పుకుంటారు చూడండి, అదే ఆమె బోర్డు. ఆ గేటు దాటి ఇంకో వీధికి పోతే మళ్లా అఆల కాడ్నుంచి మొదలుపెట్టల్ల. అదన్నా చేస్తాదనుకో, ఇల్లు దొరకల్ల గదా. సిమెంటు ఫ్యాక్టరీ పనులకు జనం వచ్చినకాడ్నుంచి ఊళ్లో అద్దె ఇల్లు కనాకష్టమై కూర్చుండాది. రేఖ మొగుడు అశోకు లారీ డ్రైవరు, నెలలో ఎక్కువ పొద్దులు రోడ్డు మీదనే. మగమనిషి కంటికి కనపడని ఇంటికి తాళంచెవి చేతిలో పెట్టేవాళ్లు తక్కువ. ఇవన్నీ శెట్టికి తెలియనివి కావు.

శెట్టి చెడ్డోడు కాదు. రేఖకు అదే మంట. చెడ్డోడైతే నాలుగు తిట్లు తిట్టుకొని ఊరకుండొచ్చు. పాపకు జొరమొస్తే తన స్కూటర్ మీద ఆస్పత్రికి తీసుకపోయిన మనిషి. కానీ ఆ చెట్టు దగ్గరికొచ్చేసరికి ఇంకో మనిషైపోతాడు. పొద్దున్నే చెనిక్కాయల అంగడికి పోకముందు పైపు పట్టుకొని చెట్టు మొదట్లో నిలబడితే, గుంత నిండి పొర్లి గేటు బయటికి పారేదాకా కదలడు. జీవితమంతా మెట్ట రైతుల కాడ చెనిక్కాయలు కొని బతికినాడు. వాన తప్పి ఎండిపోయిన చేన్లెన్ని చూసినాడో, ఆకు రవంత వాలితే ఆయప్ప చెయ్యి ఊరుకోదు. ఒకప్పుడు ట్యాంకరు నీళ్లే గతి, ఇప్పుడు కొళాయి రోజూ వస్తాండాది, నీళ్లకు కరువు లే. ఇంత నీళ్లు పోస్తాంటే పూయకుండా ఉండేదేంది? నీళ్లది తప్పు కావడమనేది ఈ గడ్డ మీద పుట్టినోడి బుర్రకు ఎక్కే మాట కాదు. అట్లయితే తప్పు ఇంకెవరిదో కావల్ల. ఇంటెనక రేఖ ఉండాది.

సగ్గుబియ్యం గంజి కాచి, పల్చగా చేసి, చీర ముంచి పిండితే పెద్ద బకెట్టెడు నీళ్లు మిగుల్తాయి. అంతకుముందు అవి జాలాట్లో, స్నానం చేసే బండల మీద, పోస్తే గోడ వెంబడి కాలవలో పారి చెట్టు కాడికి పోతాండె. ఇప్పుడు జాలాడి తూముకు గుడ్డ కుక్కి, నీళ్లన్నీ మగ్గుతో ఎత్తి బకెట్లో నింపి, ఇంటి చుట్టూ తిరిగి, గేటు తీసుకొని, వీధి చివర కాలవలో పోసి రావల్ల. స్నానం చేసిన నీళ్లు కూడా మోసే గతి పట్టింది ఆమెకు. ఎదురింటోళ్లు చూసి, "ఏమ్మే, ఏందీ తిరణాల?" అని నవ్వినారు. రేఖ కూడా నవ్వింది. లోపలికొచ్చి బకెట్టు ఎత్తేసినట్టు పెడితే దాని చెవి ఊడింది.

శెట్టి పెండ్లాం రామసుబ్బమ్మ వసారాలో మోకాళ్లకు నూనె రాసుకుంటా చూస్తాండె. "నేను చెప్పినా రేఖా. ఇనడు. చెట్టు మాటొస్తే ఆయప్పకు నేనూ కనపడను" అనింది. ఆమె చేతిలో ఉన్నది అంతే.

తరవాత వారంలోనే రామసుబ్బమ్మ మోకాలు ఆపరేషన్ కుదిరింది. బెంగళూరులో కూతురు పద్మప్రియ అన్నీ మాట్లాడి పెట్టింది. కారు వాకిట్లోకొచ్చి, సంచులెక్కినంక, శెట్టి పైపు చేతిలో పట్టుకొని వెనకపక్కకు వచ్చినాడు.

"రేఖా, మేం వచ్చేదాకా చెట్టు నీ మీద ఉండాది. పొద్దున్నే నీళ్లు పెట్టల్ల. గుంత నిండల్ల. మరిచిపోవద్దు. కూతురి మాదిరి చూసుకో."

ఇల్లు ఖాళీ చెయ్యమన్న నోటితోనే ఆ మాటన్నాడు. అట్లనేటప్పుడు ముఖంలో తేడా ఏమన్నా ఉంటాదేమోనని రేఖ చూసింది. ఏమీ లేదు. ఆయప్పకు అవి రెండూ వేర్వేరు సంగతులు. పైపు ఆమె చేతిలో పెట్టి, మెలికలు పడకుండా సుట్టేది ఎట్లనో కూడా చూపించి పోయినాడు.

మర్నాడు పొద్దున రేఖ పైపును కొళాయికి తగిలించింది. గేటు కాడికి లాగింది. తిప్పింది. నీళ్లు చెట్టు మొదట్లో పడినాయి. గుంత అప్పటికే తడిగానే ఉండాది. తీగ కమాను మీదికెక్కి, అటుపక్క దిగి, గోడ మీద కూడా పాకి, ఎక్కడ చూసినా ఆకే. పోయినేడు రేఖ చించి ఇచ్చిన జాకెట్టు పీలికలతోనే శెట్టి ఆ కొమ్మల్ని ఇనుప కడ్డీలకు కట్టినాడు. నీలం పీలికా, పచ్చ పీలికా, అన్నీ ఆమెకు గుర్తే. నా గుడ్డలు పనికొచ్చినాయి, నా నీళ్లే పనికిరాకపోయినాయి అనుకుంది. కొళాయి కట్టేసింది. ఎండిపోనీ, దీని పాడుగాను, ఎండి చచ్చిపోనీ అనుకుంది. అనుకున్నంక కడుపులో సల్లగా అయింది. పైపు సుట్టి, శెట్టి చూపించినట్టే, మెలిక లేకుండా సుట్టి, గోడకు తగిలించింది.

పొద్దున ఎనిమిదికంతా ఫోను వచ్చింది. శెట్టిది బటన్ల ఫోను, ఫోటో పంపమనే బాధ లే.

"పెట్టినావా?"

"పెట్టినా మామా."

"గుంత నిండిందా?"

"పొర్లింది. అత్తకెట్లుండాది?"

పక్కన చదువుకుంటాండే నిఖిత పుస్తకం మీదనించి తలెత్తి చూసింది. "పెట్టలే గదమ్మా నువ్వు."

"నీ సైన్సు నువ్వు చదువుకో" అనింది రేఖ.

రోజూ అదే ఫోను, అదే జవాబు. అబద్ధం మొదటిసారి కష్టమైంది. తరవాత తరవాత జాకెట్టుకు హుక్కులు కుట్టినంత సులభమైపోయింది. వారంలో వస్తామన్నోళ్లు రాలేదు. రామసుబ్బమ్మకు కాలు వాచిందని, డాక్టరు ఇంకా ఉండమన్నాడని, పద్మప్రియ పంపించదని, ఏదో ఒకటి. ఎండలు ముదిరినాయి. గుంతలో మన్ను ముందు తెల్లబడింది, ఆ తరవాత పగిలింది. మధ్యాన్నమైతే ఆకులన్నీ కిందికి వాలిపోతాండాయి. మొదట్లో సాయంత్రానికి తేరుకుంటాండె, ఆమీట తేరుకోవడం కూడా మానేసినాయి. పండాకులు రాలి గేటు కాడ మడమల్లోతు పడతాంటే, రేఖ పొద్దున్నే కసువు ఊడ్చి, ఎవరూ చూడకముందే గోనెసంచిలో కుక్కుతాండె.

కోపం చల్లారిపోయింది. అది చల్లారినంక భయం పట్టుకుంది. ఆకు వాల్చి నిలబడిన చెట్టు పక్కనే గంజినీళ్ల బకెట్టు మోసుకొని పోవడం ఆమెకు కష్టమైపోయింది. ఒక పొద్దు మధ్యాన్నం ఉండబట్టలేక బిందె నింపి నడుమున పెట్టుకొని గేటు దాకా వచ్చింది. అప్పుడే బ్రోకరు సుంకప్ప ఫోను చేసి, పెద్దమ్మ గుడి వెనక ఒక ఇల్లుండాది, ఇప్పుడే వస్తే చూపిస్తానన్నాడు. బిందె గోడ మీద పెట్టి పోయింది.

ఆ ఇంటామె రేఖను పైనించి కిందికి చూసింది. "కాగితం పూల గేటు రేఖవు నువ్వేనా? నువ్వు కుట్టిన జాకెట్లను మా చెల్లెలు ఎంత మెచ్చుకుంటాదో." మంచినీళ్లు ఇచ్చింది. తరవాత అడిగింది, "కేశవులు శెట్టి నెమ్మదస్తుడు గదా. ఆయప్పే ఖాళీ చెయ్యమన్నాడంటే ఏం జరిగిండల్ల?"

"చెట్టు పూయలేదంట."

ఆమె నవ్వింది. నమ్మలేదు. చెట్టు పూయలేదని మనుషుల్ని ఎళ్లగొట్టేవాడు ఉంటాడని ఎవరు నమ్ముతారు? మా ఆయనను అడిగి చెప్తాననింది. చెప్పదని ఇద్దరికీ తెలుసు.

రేఖ ఎండన పడి ఇంటికొచ్చి, గోడ మీద బిందె తీసుకొని, ఆ నీళ్లు తన డ్రమ్ములో పోసుకుంది. చెట్టు వైపు చూడను కూడా చూడలేదు.

నిఖిత పరీక్షలు మొదలైన పొద్దు గేటు తీస్తాంటే పైన కొమ్మల చివర్లు వేరే రంగుగా కనపడినాయి. ఆకు ఎర్రబడతాండాది. కాలిపోతాండాది అనుకుంది రేఖ. చచ్చేముందు ఇట్లనే అవుతాదేమో. బిడ్డ పరీక్షకు పోయేటప్పుడు వాకిట్లో ప్రాణమున్న చెట్టును చంపి పెట్టుకున్నాను గదా అని గేటు పట్టుకొని అట్లనే నిలబడింది. నిఖిత మాత్రం తలెత్తి చూసి, "మొగ్గలుమా" అనింది. అని హాల్ టికెట్ సంచిలో ఉండాదో లేదో మళ్లా చూసుకొని పోయింది.

మొగ్గలే. పరీక్ష పరీక్షకూ ఎక్కువయినాయి. హిందీ అయ్యేటప్పటికి కమాను ఒకపక్క అంతా, లెక్కలు అయ్యేటప్పటికి రెండోపక్కా, గోడ మీదా. ఆకు ఎక్కడికి పోయిందో తెలియదు, అంతా రాణి రంగు. సాంఘికం పరీక్ష పొద్దుకు గాలి వీస్తే వీధంతా పూలు దొర్లతాండె. పోయేవాళ్లు స్కూటర్లు ఆపి ఫోటోలు తీసుకున్నారు. బ్యాంకు మేడమ్ జాకెట్టు తీసుకపోను వచ్చి, "ఏం వేశావు రేఖా దీనికి?" అని అడిగింది. రేఖ ఏం చెప్తాది? ఏమీ ఎయ్యలేదని చెప్పింది. అది వినయమనుకొని ఆమె ఇంకా మెచ్చుకుంది.

సిగ్గులేని చెట్టు. చంపాలని చూసినదాని నెత్తిన పూలు పోస్తాండాది. రేఖకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చినాయి. కూర్చొని ఆలోచిస్తే అర్థమైంది, నీళ్లు తాగి తాగి ఆకు పెట్టిన చెట్టు, నీళ్లు అందకపోయేసరికి పూలు పెట్టింది. మరి తన గంజినీళ్లు ఎంతని? ఒక బకెట్టు, రెండు బకెట్లు. శెట్టి పైపు ముందర అవి ఏ మూలకు?

పరీక్షలన్నీ అయిపోయిన మరునాడు కారు వచ్చింది. రామసుబ్బమ్మను నడిపించే స్టాండు ముందు దింపి, తరవాత ఆమెను దింపినారు. శెట్టి దిగి గేటు ముందర నిలబడినాడు. సంచులెవరు తీసుకుంటాండారో, డ్రైవరు ఏం అడుగుతాండాడో ఆయప్పకు పట్టలేదు. కిందికి వాలిన ఒక గుత్తిని చేత్తో పైకెత్తి పట్టుకొని, ముల్లు గుచ్చుకున్నా వదల్లేదు.

"చూసినావా రేఖా," అన్నాడు. కండ్లు తడిసినాయి. "నేను చెప్తే ఎవరన్నా నమ్మినారా? నీ గంజినీళ్లు ఆగినాయి, మంచినీళ్లు అందినాయి, పూసె. నువ్వు బాగా చూసుకున్నావమ్మే. నీ రుణం ఉంచుకోను. ఇల్లు ఖాళీ చెయ్యొద్దు. ఆ నీళ్లు మాత్రం ఇట్లనే బయట పోసుకుంటా ఉండు, చాలు."

"సరే మామా" అనింది రేఖ.

ఇల్లు దక్కింది. ఇంక కావల్సిందేంది? నిఖిత ఎగిరి అమ్మను పట్టుకుంది. రేఖ పొయ్యి మీద పాలు పెట్టింది, అవి పొంగి పోయేదాకా చూసుకోలేదు. చెయ్యని తప్పుకు పెద్దమనసుతో క్షమించినాడు శెట్టి. చేసిన తప్పుకు శాలువా కప్పినట్టు మెచ్చుకున్నాడు. రెండూ మింగితే ఇల్లు ఉంటాది. మింగేస్తాననే అనుకుంది.

పొద్దున మిషన్ మీద కూర్చొని కాజాలు కుడతాండాది. గేటు కాడ నీళ్ల చప్పుడు. శెట్టి పైపు పట్టుకున్నాడు. చాలా పొద్దులకు చెట్టు కాడికొచ్చిన మనిషి, ఊరికే పోడు. నీళ్లు గుంత నిండి పొర్లే చప్పుడు కూడా వినపడింది. రేఖ వేలికి సూది దిగింది. ఇట్లా ఒక నెల పోస్తే ఈ పూలన్నీ పోయి తమలపాకులొస్తాయి. అప్పుడు మళ్లా ఒక ఆకు పట్టుకొని గడప బయట నిలబడతాడు. ఏం పోసినావు రేఖా అంటాడు. ఈసారి తను ఏ కాలవలో పోసినా అదే మాట.

లేచి పోయి కొళాయి కట్టేసింది.

పైపులో నీళ్లు ఆగిపోతే శెట్టి వెనక్కి తిరిగినాడు. కొళాయి మీద ఆమె చెయ్యి చూసినాడు.

"మామా, నేను దీనికి నీళ్లు పెట్టలే."

"ఈ పొద్దుదా? నేను పెడతాండాలే."

"ఒక్కపొద్దు కూడా పెట్టలే. మీరు పోయిన కాడ్నుంచి."

"ఫోన్లో పెట్టినానంటివే."

"అబద్ధం చెప్తి."

శెట్టికి అర్థం కావడానికి టైము పట్టింది. పైపు కొసనించి మిగిలిన నీళ్లు ఆయప్ప చెప్పుల మీద కారతాండాయి. "యాలా?" అన్నాడు.

"ఎండిపోవల్లని. పాపను పెట్టుకొని యాడికి పోవల్లనో తెలియక, ఈ చెట్టన్నా చావనీ అనుకున్నా. ఆకంతా రాలిపాయె. సంచుల్లో ఎత్తి పారబోసినా. అప్పుడు పూసింది." కొళాయి మీదనించి చెయ్యి తియ్యలేదు. "నా గంజినీళ్లతో పూత పోలేదు మామా. నువ్వు పోసిన నీళ్లతో పోయింది. ఖాళీ చెయ్యమంటే చేస్తా. ఇంకొకరిని మాత్రం ఈ మాట అనొద్దు."

రామసుబ్బమ్మ స్టాండు పట్టుకొని వసారా అంచు దాకా వచ్చింది. శెట్టి చెట్టు వైపు చూసినాడు, గుంతలో నిండిన నీళ్లు చూసినాడు. గోడ మీద కూర్చున్నాడు.

"ట్యాంకరు వచ్చే కాలంలో," అన్నాడు మెల్లగా, ఎవరితోనో చెప్తున్నట్టు, "మనం తాగంగా మిగిల్తే ఒక బిందె పోస్తాంటి. మిగలకపోతే అదీ లే. అప్పుడు పూస్తాండె. పాపం, ఎండుతా కూడా పూస్తాండాదే అనుకుంటాంటి." తలెత్తి కమాను వైపు చూసి, "ఎండుతా ఉండబట్టే పూస్తాండెనా?" అన్నాడు.

శెట్టి లేచి, పైపు సుట్టకుండానే, లోపలికి పోయినాడు. ఆ పొద్దంతా అంగడికి పోలేదు. ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. సాయంత్రం రేఖ అటక మీదనించి ట్రంకుపెట్టె దించి, నిఖిత పాత పుస్తకాలు సర్దడం మొదలుపెట్టింది. "చెప్పకుండా ఉండాల్సిందిమా" అనింది నిఖిత. "ఉండాల్సింది" అనింది రేఖ.

మరుసటి పొద్దున వెనకపక్క పార చప్పుడైంది. తలుపు తీస్తే, శెట్టి పంచె పైకి కట్టి, జాలాడి తూము కాడ మన్ను తవ్వుతాండాడు. తూముకు కుక్కిన గుడ్డ తీసి అవతల పారేసినాడు. పాత కాలవ చెట్టు వైపు తిరిగే చోట రాళ్లు పెట్టి మూసి, అక్కణ్ణుంచి గోడ వారగా నేరుగా వీధి కాలవకు కొత్తది తీస్తాండాడు. గోడ కింద ఇటుక ఒకటి ఊడబెరికి దారి చేసినాడు. ఆ వయసుకు అది ఆయప్ప చేసే పని కాదు. చొక్కా వీపుకు అంటుకుపోయి, ఆయాసంతో నోరు తెరిచినాడు.

వసారాలోనించి రామసుబ్బమ్మ గట్టిగానే అడిగింది, "ఖాళీ చేసే మనిషికి కాలవ యాలయ్యా?"

శెట్టి ఆమె వైపు చూడలేదు. రేఖ వైపు కూడా చూడలేదు. పారకు అంటిన మన్నును కాలితో గీకి, "గంజినీళ్లుంటే ఒక బకెట్టు తేమ్మే," అన్నాడు. "వాటం సరిపోయిందో లేదో చూద్దాం."

రేఖ తెచ్చి జాలాట్లో పోసింది. తెల్లటి నీళ్లు కొత్త మన్నులో నురగ కట్టుకుంటా పోయి, సగం దూరంలో ఒక ఎత్తు కాడ ఆగినాయి. శెట్టి వంగి, చేత్తోనే అక్కడి మన్ను తీసి పక్కనేసినాడు.

"ఇంకో బకెట్టు పొయ్యి," అన్నాడు.